మిద్దె మీది డిష్ దిగిపోతే ఎవరికి నష్టం?

‘మీరింకా కేబుల్ ఉంచుకున్నారా?’ అని ఆశ్చర్యంగా అడిగే కాలం వచ్చింది. పెళ్లి పందిళ్లలో, మస్జిద్ బయట అరుగుల మీద నలుగురు కూడినప్పుడు ఈ మాట వినిపిస్తున్నది. కొత్త టీవీ కొన్నవారు కేబుల్ తీయించి వైఫై పెట్టించుకున్నామని కాస్త గొప్పగానే చెప్పుకుంటున్నారు. ఉపగ్రహ, కేబుల్ ప్రసారాలకు రోజులు దగ్గరపడ్డాయని, ఇక అంతా ఇంటర్నెట్‌లోనే అని పత్రికలు కూడా రాస్తున్నాయి.

ఈ విషయంలో నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. మార్పు జరుగుతున్నది, దానిని ఆపడం ఎవరి తరమూ కాదు, ఆపవలసిన అవసరమూ లేదు. కానీ ఆ మార్పు పైఅంతస్తుల ఇళ్ల నుండి మొదలై కిందికి దిగుతున్నది. పైవారు వెళ్లిపోయిన తరువాత కిందివారి కోసం పాత ప్రసారాన్ని నడిపే ఆసక్తి వ్యాపారులకు ఉండదు. అప్పుడు పేద కుటుంబానికి నెలవారీ రుసుము లేకుండా వచ్చే ఒకే ఒక తెర ఆరిపోతుంది. అది ఆరకుండా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది. ఆ బాధ్యతను గుర్తు చేయవలసిన పని మనది.

ముందుగా మార్పు ఎంతవరకు వచ్చిందో చూద్దాం. ట్రాయ్ లెక్కల ప్రకారం మన దేశంలో డబ్బు కట్టి చూసే డీటీహెచ్ కనెక్షన్లు 2019 నాటికి ఏడు కోట్లు దాటి ఉండేవి. 2025 మార్చి నాటికి అవి ఆరు కోట్ల లోపునకు తగ్గాయి. మీడియా, వినోద రంగంపై ఫిక్కి, ఈవై సంస్థలు ఏటా వెలువరించే నివేదిక ప్రకారం 2024లో డిజిటల్ మాధ్యమాల ఆదాయం మొదటిసారిగా టీవీ ఆదాయాన్ని మించిపోయింది. అమెరికాలోనైతే 2025 మే నెలలో జనం స్ట్రీమింగ్‌లో గడిపిన సమయం, కేబుల్‌లోనూ మామూలు ప్రసారాల్లోనూ కలిపి గడిపిన సమయాన్ని దాటిందని నీల్సన్ సంస్థ ప్రకటించింది.

క్రికెట్ లెక్క ఇంకా తేటగా ఉంటుంది. 2023 నుండి 2027 వరకు అయిదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులను 2022 జూన్‌లో వేలం వేశారు. మన ఉపఖండానికి సంబంధించి టీవీ హక్కులు 23,575 కోట్ల రూపాయలు పలికితే, ఇంటర్నెట్ హక్కులు 23,758 కోట్లు పలికాయి. తేడా చిన్నదే. కానీ డబ్బు పెట్టేవారి చూపు ఎటు తిరిగిందో ఆ చిన్న తేడాయే చెబుతున్నది.

ఇంతవరకు చదివినవారు ‘అయితే ఇంకేముంది, టీవీ పోయినట్లే కదా’ అనుకోవచ్చు. తొందరపడవద్దు. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 21 కోట్లని 2020లో బార్క్ సంస్థ అంచనా వేసింది. తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లు 2025 నాటికి కూడా నాలుగు కోట్ల పైచిలుకే. వాటిలోనూ కొన్ని దుకాణాలవి, కార్యాలయాలవి. అంటే టీవీ ఉన్న ప్రతి అయిదు ఇళ్లలో సుమారు నాలుగింటికి ఆ తీగ లేదు. వారికి ఇంటర్నెట్ అంటే ఫోనులో వేయించుకున్న రీఛార్జి మాత్రమే.

ఆ రీఛార్జితో టీవీ చూడగలమా? ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పని చేసినవాడిని, లెక్క వేయకుండా ఉండలేను. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే పథకం ఇప్పుడు సుమారు 300 రూపాయలు. సాధారణ నాణ్యతతో ఒక గంట వీడియో చూస్తే దాదాపు ఒక జీబీ ఖర్చవుతుంది. హెచ్‌డీ అయితే మూడు జీబీల దాకా పోవచ్చు. అత్తగారికి ఒక ధారావాహిక, పిల్లలకు కార్టూన్లు, రాత్రి వార్తలు, మధ్యలో ఒక పాత సినిమా అని రోజుకు నాలుగు గంటలు టీవీ నడిచే ఇల్లు సాధారణమైనదే. ఆ ఇంటికి రోజుకు నాలుగు జీబీలైనా కావాలి. ఫోనులో ఉన్నది ఒకటిన్నర. పైగా నెల అంటే వారికి 28 రోజులు. సంవత్సరానికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు. ఒక్క ఫోనుకే ఏడాదికి 3,900 రూపాయలు కట్టి, అవసరమైన దానిలో సగం కూడా చూడలేని పరిస్థితి ఇది. ఇంటికి తీగ వేయించుకుంటే 399 రూపాయల చవక పథకానికి కూడా పద్దెనిమిది శాతం పన్నుతో కలిపి నెలకు 470 పైన. దానికి ఓటీటీల చందాలు వేరు, స్మార్ట్ టీవీ ఖరీదు వేరు.

ఇక దూరదర్శన్ ఫ్రీ డిష్ సంగతి చూడండి. పెట్టె, డిష్ కలిపి ఒక్కసారి కొనుక్కోవాలి. ఆ తరువాత నెలనెలా కట్టేది ఏమీ ఉండదు. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అన్న పేరుతో మొదలైన ఈ సేవ నేడు నాలుగు కోట్లకు పైగా ఇళ్లకు చేరిందని అంచనా. డబ్బు కట్టే డీటీహెచ్ తగ్గుతున్న కాలంలోనే ఇది పెరిగింది. కేబుల్ వదిలినవారందరూ ఇంటర్నెట్‌కు వెళ్లారనుకోవడం సరికాదు. కొందరు పైకి, వైఫైకి వెళ్లారు. మరికొందరు కిందికి, ఫ్రీ డిష్‌కు దిగారు. పత్రికలు మొదటివారి గురించే రాస్తాయి.

ఉపగ్రహ ప్రసారానికీ స్ట్రీమింగ్‌కూ మూలంలోనే ఒక భేదం ఉన్నది. ఉపగ్రహం అజాన్ వంటిది. పిలుపు ఒక్కటే, విన్నవారు పదిమందైనా పదివేలమందైనా పిలిచేవారికి అదనపు శ్రమ లేదు. ఆకాశం నుండి సంకేతం ఒకసారి వస్తే ఒక్క ఇల్లు చూసినా కోటి ఇళ్లు చూసినా ఖర్చు అంతే. స్ట్రీమింగ్ అలా కాదు. చూసే ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఒక ధార పంపాలి. చూసేవారు పెరిగేకొద్దీ సర్వర్లూ తీగలూ పెరగాలి, ఖర్చూ పెరగాలి. ఆ ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2023 నవంబరు 19న జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో అత్యధికంగా 5.9 కోట్ల మంది చూశారు. అది అప్పటికి రికార్డు. అదే ఆటను టీవీలో ఒకే సమయంలో అత్యధికంగా 13 కోట్ల మంది చూశారు. రికార్డు గురించి అందరూ చెప్పుకున్నారు. దానికి రెండింతలకు పైబడిన జనం ఏ సందడీ లేకుండా పాత పద్ధతిలోనే చూశారు.

వానపడితే డిష్‌కు సంకేతం ఆగిపోతుంది, నిజమే. గట్టి వానలో నీటి చినుకులు ఆ తరంగాలను పీల్చుకుంటాయి. అయితే వాన వెలిసిన పది నిమిషాలకు బొమ్మ మళ్లీ వస్తుంది. ఇంటర్నెట్‌ను ఆపే చేయి వేరు. 2019 ఆగస్టులో జమ్మూ కశ్మీరులో ఇంటర్నెట్ ఆగింది. 2020 జనవరిలో వేగం తక్కువ ఉన్న 2జీ మాత్రమే కొంత వచ్చింది. 4జీ పూర్తిగా తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఏడాదిన్నర! ఇంటర్నెట్‌ను నిరవధికంగా నిలిపివేయడం చెల్లదని, ఆ ఉత్తర్వులను బహిరంగంగా ప్రకటించాలని అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పిన తరువాత కూడా ఇంతకాలం పట్టింది. 2023 మేలో మణిపుర్‌లో మళ్లీ ఆపివేశారు. చిన్నచిన్న పట్టణాలలో ఊరేగింపు జరిగితే ఆపివేస్తున్నారు, పరీక్ష జరిగితే ఆపివేస్తున్నారు. వార్త, పాఠం, వినోదం, ఇంటివారి క్షేమ సమాచారం అన్నీ ఒకే గొట్టంలో వస్తున్నప్పుడు ఆ గొట్టానికి ఉన్న కుళాయి ఎవరి చేతిలో ఉన్నదో ఆలోచించుకోవాలి. ఉద్రిక్తత తలెత్తినప్పుడు మొదట కుళాయి కట్టేసే వీధులు ఏవో మనకు తెలియనివి కావు.

పాఠం అన్నాను కనుక 2020 సంగతి చెప్పాలి. బడులు మూతపడిన ఆ సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ల ద్వారా ప్రభుత్వాలు పాఠాలు ప్రసారం చేశాయి. ప్రైవేటు బడుల పిల్లలకు ఫోనులో తరగతులు. కర్నూలు పాతబస్తీలో మేము కొందరం మస్జిద్ కమిటీ తరఫున ఇంటింటికీ తిరిగి పిల్లలు ఏ విధంగా చదువుతున్నారో రాసుకున్నాము. ముగ్గురు పిల్లలు, ఒక్క ఫోను. అది ఉదయం ఎనిమిదింటికి తండ్రి జేబులో పనికి వెళ్లిపోయేది. సాయంత్రం వచ్చాక పెద్దవాడికి దక్కేది, ఆడపిల్ల వంతు వచ్చేసరికి డేటా అయిపోయేది. అలాంటి ఇంట్లో టీవీ ముందు మాత్రం ముగ్గురూ కలిసి కూర్చోగలిగారు. పాఠం గొప్పగా ఉన్నదని నేను చెప్పను. ప్రశ్న అడిగేందుకు అవకాశం లేదు, కరెంటు పోతే పాఠం పోయినట్లే. అయినా ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఎవరినీ అడుక్కోకుండా, ఎవరి వంతు కోసమూ ఎదురు చూడకుండా, లెక్కల పాఠం విన్నది. ఆమె నానీమా పక్కన కూర్చుని ‘ఈ మాస్టారు మెల్లగా చెబుతున్నాడమ్మా, బాగుంది’ అనడం నేను విన్నాను.

ఈ దేశంలో ఉపగ్రహ టీవీ పుట్టిందే ఇటువంటి పని కోసం. 1975 ఆగస్టు 1 నుండి ఒక సంవత్సరం పాటు అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని తీసుకుని మన ఇస్రో, దూరదర్శన్‌లు ‘సైట్’ ప్రయోగం జరిపాయి. ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి. ఊరంతటికీ ఒక్క టీవీ. దాని ముందు ఊరి జనం కూర్చుని వ్యవసాయం, ఆరోగ్యం, పిల్లల చదువు గురించి చూశారు. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది ఆ తరువాత, 1977లో. అంటే చాలా తెలుగు పట్టణాలకంటే ముందు కొన్ని తెలుగు పల్లెలు టీవీ చూశాయి. నేటి స్ట్రీమింగ్‌తో పోల్చండి. అది మహానగరంలో మొదలై, పట్టణానికి వచ్చి, పల్లె పొలిమేరలో సిగ్నల్ లేక ఆగిపోతున్నది. ప్రయాణపు దిశే తిరగబడింది.

1995లో క్రికెట్ ప్రసారాల విషయమై బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. గాలిలోని తరంగాలు ప్రజల ఉమ్మడి ఆస్తి, వాటిని ప్రజల మేలు కోసం నియంత్రించాలి అని ఆ తీర్పు సారాంశం. ప్రభుత్వం ఒక్కటే వాటిని గుప్పిట్లో పెట్టుకోకూడదనీ, ప్రైవేటువారి గుత్తాధిపత్యమూ కూడదనీ కోర్టు చెప్పింది. మరి వీడియో గాలి తరంగాలను వదిలి కంపెనీల తీగల్లోకీ సర్వర్లలోకీ వెళ్లిపోతే? ఉమ్మడి ఆస్తి అన్న మాట ఎక్కడ నిలబడుతుంది? ఈ ప్రశ్నను మన చట్టసభలు ఇంకా గట్టిగా పట్టించుకోలేదు. ప్రసార సేవల నియంత్రణ బిల్లు ముసాయిదా 2023 నవంబరులో వచ్చింది, మరుసటి ఏడాది దానిపై పెద్ద వివాదం రేగి వెనక్కి పోయింది. ఆ చర్చ కూడా యూట్యూబులో మాట్లాడేవారిని ఎలా కట్టడి చేయాలన్న దాని చుట్టూ తిరిగింది తప్ప, పేదవాడి తెర గురించి కాదు.

ఉచితం అన్న మాటకు మోసపోవద్దని కూడా చెప్పాలి. 2023లో ఐపీఎల్‌ను జియోసినిమాలో ఉచితంగా చూపారు. మన కుర్రవాళ్లు మురిసిపోయారు, టీవీ ప్యాకు వదిలేశారు. 2024 జూలైలో ప్రైవేటు ఫోను కంపెనీలన్నీ రోజుల తేడాతో రీఛార్జి ధరలు పెంచాయి. అదే ఏడాది నవంబరులో రిలయన్స్, డిస్నీల భారతీయ వ్యాపారాలు కలిసిపోయాయి. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వచ్చింది. ఆ సంవత్సరం ఐపీఎల్‌ను కొద్ది నిమిషాల తరువాత చందా కట్టి, లేదా తగిన రీఛార్జి వేయించుకుని చూడవలసి వచ్చింది. నేడు ఆటను టీవీలో చూపేదీ, ఇంటర్నెట్‌లో చూపేదీ, ఆ ఇంటర్నెట్‌ను ఫోనుకు చేర్చేదీ ఒకే వ్యాపార కుటుంబం. సంతలో దుకాణాలు మూడు కనిపిస్తున్నాయి, గల్లాపెట్టె ఒక్కటే.

కేబుల్ విషయంలో ఎన్ని లోపాలున్నా ఒక కట్టుబాటు ఉండేది. 2019 ఫిబ్రవరి నుండి ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. ప్రాథమిక రుసుముకు 2024 వరకు 130 రూపాయల పైమితి ఉండేది, పన్నుతో 153. తరువాత ఆ రుసుముకే 200 ఛానళ్లు ఇవ్వాలన్నారు. ఏ ఛానలు ధర ఎంతో విడిగా చెప్పాలన్నారు. ఆచరణలో ప్యాకుల పేరుతో అంటగట్టారన్నది వేరే విషయం. ఓటీటీ చందాకు అటువంటి పైమితి ఎన్నడూ లేదు. వారు ఎంత అంటే అంత, ఎప్పుడు పెంచితే అప్పుడు.

ఇక ధర కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే విషయానికి వస్తాను. తెర మీద మన గురించి ఏమి చెబుతున్నారు, దానికి జవాబుదారీ ఎవరు?

టీవీ వార్తా ఛానళ్లు మన సముదాయానికి చేసిన అన్యాయం చిన్నది కాదు. 2020లో కరోనా వ్యాపించిన రోజుల్లో చర్చల పేరుతో జరిగిన తంతు మనం మరచిపోలేదు. అయినా టీవీకి ఒక చట్టం ఉన్నది. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టం కింద కార్యక్రమాల నియమావళి మతాల మీద, వర్గాల మీద దాడి చేసే ప్రసారాలను నిషేధిస్తుంది. 2020 సెప్టెంబరులో సివిల్ సర్వీసులకు ఎంపికైన ముస్లిం యువకులను నిందిస్తూ సుదర్శన్ టీవీ ప్రసారం చేస్తున్న కార్యక్రమం మిగిలిన భాగాలను సుప్రీంకోర్టు ఆపగలిగింది. 2024 ఫిబ్రవరిలో వార్తా ప్రసారకుల స్వీయ నియంత్రణ సంస్థ రెండు హిందీ ఛానళ్లకు జరిమానా వేసి, మత విద్వేషం నింపే కార్యక్రమాల వీడియోలు తొలగించమన్నది. ఒకదానికి లక్ష, మరొకదానికి యాభై వేలు. ఆ సంస్థలకు అది లెక్కలోనిది కాదు. కానీ ఒక సాధారణ పౌరుడు రాసిన ఫిర్యాదుకు తీర్పు వచ్చింది, రికార్డులో నిలిచింది. ఫైలులో ఒక కాగితం ఉండడానికీ లేకపోవడానికీ ఎంత తేడా ఉంటుందో నాకు తెలుసు.

అదే విద్వేషం యూట్యూబులోకి మారితే? 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నియమాలలో ఫిర్యాదు అధికారి ఉన్నాడు, గడువు ఉన్నది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. కానీ నేడు ఒక పేరుతో ఉన్న ఛానలు రేపు మరో పేరుతో పుడుతుంది. ఒక వీడియో తీస్తే దాని ముక్కలు వంద ఫోన్లలో తిరుగుతుంటాయి. టీవీలో అయితే ఏమి చూపుతున్నారో ఊరంతటికీ తెలుసు. స్ట్రీమింగ్‌లో పక్కింటివాడి ఫోనుకు ఏ విషం వస్తున్నదో మనకు కనబడదు. అతడు నిన్న ఏమి చూశాడో దానిని బట్టి నేడు అతడికి ఏమి చూపాలో యంత్రమే నిర్ణయిస్తుంది. కనబడని నిందకు ఎవరు జవాబు చెప్పగలరు?

మరోవైపు, ఉపగ్రహ ప్రసారానికి ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ అనుమతే గొంతు నులిమే తాడు కాగలదని మీడియావన్ ఉదంతం చూపింది. ఆ మలయాళ ఛానలుకు 2022 జనవరిలో కేంద్రం అనుమతిని పునరుద్ధరించలేదు. భద్రతా కారణాలన్నారు, ఆ కారణాలను సీలువేసిన కవరులో కోర్టుకు ఇచ్చారు. 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. ప్రభుత్వ విధానాలను విమర్శించడం దేశ వ్యతిరేకత కాదని చెప్పింది. ఛానలు గెలిచింది, కానీ ఏడాదికి పైగా న్యాయస్థానాల చుట్టూ తిరిగిన తరువాత.

కాబట్టి ఇంటర్నెట్ మనకు మేలు చేయలేదని నేను అనను. లైసెన్సు, ఉపగ్రహం అద్దె, కోట్ల పెట్టుబడి లేకుండా ఒక గదిలో కెమెరా పెట్టుకుని ఉర్దూలో, తెలుగులో మన వార్తలు చెప్పే యువకులు నేడు ఉన్నారంటే అది ఇంటర్నెట్ పుణ్యమే. హైదరాబాదు ఉర్దూ పత్రికలు తమ వార్తలను వీడియోలుగా ప్రపంచమంతటికీ చేరుస్తున్నాయి. హజ్ రోజుల్లో మక్కా నుండి ప్రత్యక్ష ప్రసారం చూడడానికి ఒకప్పుడు మిద్దె మీద పెద్ద డిష్ ఉన్న ఇంటికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు అరచేతిలో చూస్తున్నాము. కువైత్‌లో డ్రైవరుగా ఉన్న మన పిల్లవాడు రాత్రి గదికి చేరి కడప వార్తలు చూడగలుగుతున్నాడు. ఈ మేలును కాదనడం కృతఘ్నత.

అయితే ఇంటర్నెట్‌లో తలుపులు లేవనుకోవడం భ్రమ. 2023 జనవరిలో గుజరాత్ సంఘటనలపై బీబీసీ తీసిన డాక్యుమెంటరీ లింకులను ఐటీ నియమాల్లోని అత్యవసర అధికారంతో యూట్యూబు నుండి తీయించారు. 2024 జనవరిలో ‘అన్నపూరణి’ అనే తమిళ చిత్రాన్ని ఫిర్యాదులు వచ్చాయని నెట్‌ఫ్లిక్స్ తొలగించింది. న్యాయస్థానం విచారణ లేదు. ఒక రోజు ఉన్నది, మరుసటి రోజు లేదు. టీవీకి అనుమతి నిరాకరిస్తే కోర్టుకు వెళ్లడానికి ఒక ఉత్తర్వు ప్రతి అయినా ఉంటుంది. ఇక్కడ చూసేవాడి చేతిలో ఆ కాగితం కూడా ఉండదు.

కేబుల్ పని మీద బతికే కుటుంబాల గురించి ఒక మాట. మన మొహల్లాల్లో తీగలు లాగేవారు, డిష్‌లు బిగించేవారు, పాత టీవీలు బాగుచేసేవారు ఎందరో ఉన్నారు. మా వీధికి కేబుల్ ఇచ్చే యువకుడిని, నీ పని ఎలా ఉన్నదని అడిగాను. ‘చాచా, కేబుల్ ఇళ్లు తగ్గినాయి. కానీ వైఫై తీగ లాగేదీ నేనే కదా. స్తంభం అదే, నిచ్చెన అదే’ అన్నాడు. అతడి మాటలో నిజమున్నది. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఫైబర్‌నెట్ పథకం ఈ దారినే చూపింది. నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ ఒకే తీగలో, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారానే ఇస్తామన్నారు. తరువాత ధరలు పెరిగాయి, పెట్టెల కొరత వచ్చింది, రాజకీయాలు చుట్టుకున్నాయి. కానీ ఆలోచన తప్పు కాదు. కొత్త తీగ పేదవాడి ఇంటికి కేబుల్ ధరలో చేరితే పాత తీగ పోయినందుకు ఎవరూ విచారించరు.

చేరేవరకు మాత్రం పాతదానిని తెంచకూడదు. ఫ్రీ డిష్‌కు మన ప్రాంతంలో ఉన్న పెద్ద లోపం, దానిలో హిందీ ఛానళ్లదే రాజ్యం కావడం. తెలుగువారికి సప్తగిరి, యాదగిరి తప్ప చెప్పుకోదగినవి తక్కువ. అందుకే ఉత్తరాదిలో అంతగా వ్యాపించిన ఈ డిష్ మన మిద్దెల మీద అరుదుగా కనిపిస్తుంది. ప్రసార భారతి తన ఛానలు స్థానాలను వేలం వేస్తుంది. ఎక్కువ పాడినవారికే చోటు. పెద్ద కంపెనీలకు లాభం లేదనిపిస్తే వెళ్లిపోతాయి. 2022 ఏప్రిల్‌లో నాలుగు పెద్ద సంస్థలు తమ హిందీ వినోద ఛానళ్లను ఫ్రీ డిష్ నుండి ఉపసంహరించుకున్నాయి. 2006లో మొదలైన డీడీ ఉర్దూ పేరుకు ఉన్నది, కానీ దానిలో దక్కనీ మాట, ఆంధ్ర తెలంగాణల జీవితం ఎంత కనిపిస్తున్నదో చూసేవారికే తెలుసు. 2024 నవంబరులో ప్రసార భారతి ‘వేవ్స్’ అనే తన ఓటీటీని ప్రారంభించింది. మంచిదే, కానీ డేటా లేని ఇంటికి అది చేరదు.

కొందరం కలిసి ప్రసార భారతికీ, రెండు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకూ ఒక అర్జీ రాస్తున్నాము. ఫ్రీ డిష్‌లో తెలుగుకూ ఉర్దూకూ కొన్ని స్థానాలను వేలం లేకుండా, లేదా నామమాత్రపు ధరకు కేటాయించాలని ఒక కోరిక. బడి పాఠాల ఛానళ్లను ఓటీటీలోకి మార్చినా ఉపగ్రహం నుండి తొలగించరాదని మరొకటి. ప్రజాధనంతో వేసే ఫైబర్ తీగలో కనీస టీవీ సేవకు ట్రాయ్ ధర పరిమితి విధించాలని ఇంకొకటి. సంతకం చేయదలచినవారు పేరుతో పాటు తమ ఇంట్లో టీవీ ఏ విధంగా వస్తున్నదో, నెలకు ఎంత కడుతున్నారో కూడా రాయండి. మాకు ఆ వివరమే ముఖ్యం.

టీవీ ఛానళ్ల మీద ఫిర్యాదు రాసేవారికి ఒక సూచన. ఛానలు పేరు, తేదీ, సమయం, కార్యక్రమం పేరు, అభ్యంతరకరమైన మాటలు ఉన్నవి ఉన్నట్లు రాయండి. మీ కోపాన్ని రాయనక్కరలేదు. మొదట ఛానలుకే పంపాలి. 2021 జూన్‌లో సవరించిన నియమాల ప్రకారం వారు పదిహేను రోజుల్లో నిర్ణయం చెప్పాలి. చెప్పకపోతే, లేక చెప్పినది మీకు తృప్తి కలిగించకపోతే, ఆ ఛానలు సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థకు రాయాలి, ఆ పైన కేంద్ర ప్రభుత్వానికి. మొదటి ఉత్తరం నకలు, స్పీడ్ పోస్టు రశీదు జాగ్రత్త చేసుకోండి. రెండో మెట్టు దగ్గర మొదట అడిగేది అవే.